ఆపా ఫిరోజా రాయి

నా చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఇప్పటికంటే చాలా పొడుగ్గా ఉండేవి. హైదరాబాదు కార్వాన్‌లో మా ఇల్లు ఒక సన్నని గల్లీ చివర ఉండేది. ఇంటి ముందరి గదిలో మా తాత బంగారం పని చేసేవాడు. పైకప్పులో ఒకచోట పెంకు తీసేసి అద్దం బిగించారు. ఆ అద్దంలోంచి దిగే వెలుగు పొద్దున గోడ మీద మొదలయ్యేది. మెల్లమెల్లగా జారి, అన్నాల వేళకు తాత కూర్చుని పని చేసే వెడల్పాటి పీట మీదికి వచ్చి కూర్చునేది. ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. వెలుగు పీట ఎక్కితే అన్నం తినాలి, పీట దిగితే చాయ్ తాగాలి. అంతే.

నాకప్పుడు పదేళ్ళు. ఔసలోళ్ళ ఇంట్లో, అంటే కంసాలి ఇంట్లో, ఆడపిల్లను పని పీట మీద కూర్చోవద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. నేను తాత ఎడమ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేదాన్ని. కుంపటి విసరడం, చింతపండు నానబెట్టడం, కింద పడిన పొడిని కుంచెతో దగ్గరికి చేయడం, ఇవి నా పనులు. వీటికంటే పెద్ద పని మాట్లాడడం. నా నోట్లో నువ్వుగింజ నానదని మా నాయనమ్మ ఊరందరికీ చెప్పేది. తాత మాత్రం విసుక్కోకుండా ఊఁ కొడుతూ పని చేసుకునేవాడు. ఎప్పటికైనా ఆ పీట మీద కూర్చుని ఒక్క రాయైనా నా చేత్తో పొదగాలని నాకు కోరిక. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా తాతకు పెద్ద నగల మీద మోజు లేదు. పెసరగింజంత రాళ్ళంటే ప్రాణం. చిన్న రాయికి గూడు కట్టాలంటే చుట్టుపక్కల గల్లీలవాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చేవారు. గూడు అంటే మరేం కాదు, రాయి జారిపోకుండా దాని చుట్టూ కట్టే సన్నని బంగారు గోడ. ఆయన ముందు బంగారాన్ని కాగితమంత పలుచని పట్టీ చేసేవాడు. దాన్ని రాయి నడుముకు చుట్టి, కొసలు కలిసేచోట గీత పెట్టి, వెంట్రుకవాసి అవతల కత్తిరించి, ఆ ఎక్కువైనదాన్ని ఆకురాయితో అరగదీసేవాడు. తర్వాత కొసలు రెండూ కలిపి వెలుగుకు ఎత్తి పట్టుకునేవాడు. సందులోంచి ఏమాత్రం వెలుగు కనబడినా మళ్ళీ అరగదీయడమే. వెలుగు దూరే సందును టంకం పెట్టి అతికినా పూడ్చలేమనేవాడు.

"పెద్ద రాయికి గూడు ఎవ్వడన్న కడ్తడు బిడ్డా. పెద్దదాంట్ల తప్పు దాస్కోవచ్చు. చిన్నదాంట్ల తప్పుకు కూసునే జాగనే ఉండది," అనేవాడు.

ఆ పనిలో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి దారం. గూటిలో రాయి సరిపోతుందో లేదో చూసేటప్పుడు ముందు ఒక పట్టుదారం అడ్డంగా వేసి, దాని మీద రాయి పెట్టేవాడు. చూడడం అయిపోయాక దారం కొసలు రెండూ పట్టుకుని లేపితే రాయి బయటికి వచ్చేది. రెండోది ఇంకా ముఖ్యం. గూటి అంచును రాయి మీదికి వంచి మూసే పని ఎప్పుడూ రాయి గలవాళ్ళ కళ్ళ ముందే చేసేవాడు. వాళ్ళు రాయిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, తమ చేత్తో తిరిగి ఇస్తేనే మూసేవాడు. తల్లి బంగారంలో కూడా ఔసలి కొంచెం గీక్కుంటాడని లోకం అంటుంది కదా, అందుకని ఈ జాగ్రత్త అనుకునేదాన్ని. తాత చెప్పే కారణం వేరు. "మూసినంక రాయి అంచు ఎవ్వరు చూస్తరు? ఇగ ఎన్నడు కనబడది. అందుకే ముందుగాల చూపియ్యాలె," అనేవాడు.

మా పక్కింట్లో నేను ఆపా అని పిలిచే ఒక అక్క ఉండేది. ఇరవై ఏళ్ళుంటాయేమో. నాకు జడ వేసేది, నేను చెప్పే సోదంతా వినేది, గుడియా, అంటే బొమ్మ, అని పిలిచేది. ఆమెకు తల్లి పోయి రెండేళ్ళు. తల్లి గుర్తుగా మిగిలింది ఒక్క ముక్కుపుల్ల, అందులో చిన్న ఫిరోజా రాయి. ఎండాకాలం పొద్దున ఆకాశం ఎట్లా ఉంటుందో ఆ రాయి అట్లా ఉండేది. పాతబడి గూడు చినిగితే, ఆపా ఆ ముక్కుపుల్లను తెచ్చి తాతకు ఇచ్చింది. ఉన్న బంగారాన్నే కరిగించి కొత్త గూడు కట్టమంది. ఆమెకు నికా కుదిరింది. రేపటి నుంచి మాంఝా కూర్చుంటుంది, పసుపు బట్టలు కట్టుకుని నికా రోజుదాకా గడప దాటదు. కాబట్టి ఆ సాయంత్రం అసర్ నమాజు కాగానే వచ్చి, తన ముందు రాయి మూయించుకుని తీసుకుపోవాలి.

ఆ రోజు పొద్దున్నే తాత గూడు కట్టేశాడు. ఊదుగొట్టంతో మంట ఊది, అడుగు రేకుకు అతికి, చింతపండు నీళ్ళలో కడిగి ఆరబెట్టాడు. ఫిరోజాకు మంట తగిలితే నీలం పోయి పాచిరంగు వస్తుంది. అందుకని రాయిని దూరంగా ఒక ఇత్తడి మూతలో ఉంచాడు. వెలుగు పీట ఎక్కింది. తాత అన్నం తిని లోపల చాప మీద నడుం వాల్చాడు. గల్లీ అంతా కునుకు తీస్తోంది. మేక ఒకటి గోడనీడలో నిలబడి కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో వినబడేదల్లా కుంపట్లో బొగ్గు చిటపటలు, లోపలి నుంచి తాత గురక.

నేను పీట దగ్గర ఒక్కదాన్నే ఉన్నాను. ఆ వెలుగులో గూడు తళతళలాడుతోంది, దాని పక్కన మూతలో నీలంగా రాయి. ఎంతసేపు చూశానో తెలియదు. నిద్రకూ మెలకువకూ నడుమ ఉన్నట్టుంది. ఆ రాయి తన గూటిలోకి పోవాలని ఎదురుచూస్తున్నట్టనిపించింది. ఒక్కసారి పెట్టి చూసి తీసేస్తే ఏమవుతుంది అనుకున్నాను. లేచి పీట మీద కూర్చున్నాను. దారం గుర్తు రాక కాదు. ఒక్క క్షణం పనికి దారమెందుకులే అనుకున్నాను. రాయిని పెట్టి వేలితో మెల్లగా ఒత్తాను. చక్కగా కూర్చుంది. ఎంత చక్కగా అంటే, మళ్ళీ రాలేదు.

బోర్లించి తట్టాను, రాలేదు. గోటితో లాగాను, గోరు దూరలేదు. తాత సూది తీసుకుని గూటికీ రాయికీ నడుమ దూర్చి ఎత్తాను. టిక్కుమని రాయి బయటికి వచ్చింది. దానితో పాటు నీలంగా రవ్వంత పొడి రాలింది. రాయి అంచున చీమ కొరికినంత మేర ఇరిగిపోయింది. ఇరిగినచోట నీలం లేదు, తెల్లగా ఉంది.

రాయిని మళ్ళీ మూతలో పెట్టాను. ఇరిగిన వైపు కిందికి పెట్టాను. పొడిని ఊదేశాను. సూదిని దాని చోట పెట్టి, పీట దిగి, రోజూ కూర్చునేచోట మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. తెలిస్తే నన్ను మళ్ళీ ఈ గదిలోకి రానివ్వరు. ఆపా నా మొహం చూడదు. ఆమె అమ్మ గుర్తు అది ఒక్కటే, దాన్ని నేను ఇరగ్గొట్టాను. అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. ఇరిగింది అంచున కదా. గూడు మూస్తే అది గోడ కిందికి పోతుంది. ఇక ఎప్పుడూ ఎవరికీ కనబడదు. ఆ ఆలోచన రాగానే నాకు ఊపిరి ఆడింది. అంత హాయి అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తాత లేచి వచ్చాడు. మొహం కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, మైనం కొసకు రాయిని అంటించి వెలుగులోకి ఎత్తాడు. చాలాసేపు చూశాడు. నేను కుంపటి విసురుతున్నాను. విసరాల్సిన అవసరం లేదు, దాంట్లో నిప్పు ఎప్పుడో ఆరిపోయింది. తాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఈ అద్దాలు ఇగ పనికొచ్చేటట్టు లేవు. నువ్వు చూడు బిడ్డా. రాయి మంచిగున్నదా?"

రాయిని నా ముందుకు తెచ్చాడు. నేను చూశాను. ఇరిగిన అంచు నా వైపే ఉంది.

"మంచిగున్నది తాతా," అన్నాను.

"సరే," అని దాన్ని మూతలో పెట్టేశాడు.

గూడును లక్క పట్టించిన కట్టె కొసకు బిగించి, దాని అంచును ఆకురాయితో నున్నగా చేయడం మొదలుపెట్టాడు. నువ్వుగింజ నానని నోరు ఆ పూట బిగుసుకుపోయింది. ఆకురాయి సవ్వడి సన్నగా, ఎడతెగకుండా వస్తోంది. వెలుగు పీట కొసకు జరిగింది. తాత ఆగి మళ్ళీ రాయిని ఎత్తాడు.

"ఇంకోపారి చూడు బిడ్డా. నాకు మబ్బుమబ్బుగ కొడ్తున్నది. అంచంత చూడు."

"చూసిన తాతా. మంచిగనే ఉన్నది."

"సరే."

మళ్ళీ ఆకురాయి. అప్పటికే ఆ అంచు వెన్నలా ఉంది. గుడ్డతో తుడిచేవాడు, వేలితో తడిమేవాడు, మళ్ళీ రుద్దేవాడు. అంత చిన్న గూటికి అంత పని ఎందుకో నాకు అర్థం కాలేదు. వెలుగు పీట దిగింది. మా అమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. తాత తాగలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. మసీదు నుంచి అసర్ అజాన్ వినబడింది.

"ఆపా వస్తది. ఇయ్యాల నువ్వే చూపియ్యి రాయి," అన్నాడు తాత.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను చప్పున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. తాత చూడనట్టే ఉన్నాడు.

ఆపా వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచి, మా ఎదురుగా కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"ఏం గుడియా, మొఖం గట్ల పెట్టినవేంది? నా షాదీ అంటే నీకు ఖుషీ లేదా?"

తాత రాయిని నా అరచేతిలో పెట్టాడు. నేను దాన్ని తిప్పి, మంచి వైపు పైకి ఉండేట్టు చేసి, చేయి చాపాను. ఆపా రాయిని తీసుకుంది. అంచు వంక చూడనే లేదు. దాని ముఖం వంకే చూస్తూ ఉండిపోయింది.

"చిన్నగున్నప్పుడు అమ్మీ ఒళ్ళో పండుకుంటే, కింద నుంచి నాకు ఇదే కనబడేది. అమ్మీ మాట్లాడుతుంటే ఇది కదిలేది. చూస్కుంట చూస్కుంట నిద్రపోయేదాన్ని," అంది.

తర్వాత రాయిని తాత వైపు చాపింది.

"తిప్పి చూస్కో బేటీ. అంచు గిట్ల చూస్కో," అన్నాడు తాత.

"నేనేం చూడాలె తాతా? గుడియా చూసింది కదా. చాలు, మూసెయ్యి."

ఆపా తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో. నన్ను నమ్మడం తట్టుకోలేకపోయాను. "వద్దు ఆపా, మూయొద్దు," అని ఏడుపు ఎత్తుకున్నాను. "అంచు ఇరిగింది. నేనే ఇరగ్గొట్టిన. దారం లేకుండ పెట్టిన. తాత పండుకున్నప్పుడు పెట్టిన. తాత రెండుసార్లు అడిగిండు, రెండుసార్లు అబద్ధం చెప్పిన."

ఆపా రాయిని తిప్పి, ఇరిగినచోట గోటితో తడిమింది. ఆమె మొహంలో వెలుగు పోయింది. ఓఢ్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

కొంతసేపటికి తాతను అడిగింది. "గూడు మూస్తే ఇది కనబడ్తదా?"

"కనబడది బేటీ. అంచు కిందికి పోతది."

"అంటే ఈ పిల్ల చెప్పకపోతే నాకు ఎన్నడు తెల్వకపోతుండే."

"తెల్వకపోతుండే."

అప్పుడు ఆపా నా వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంది. కోపంతో పాటు ఇంకేదో కూడా ఉంది, దానికి పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె రాయిని తాతకు ఇవ్వలేదు. నా చేయి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఈ పిల్లతోనే మూయించు తాతా. ఇంకెవ్వరికి ఇయ్యను," అంది.

నేను పీట ఎక్కి కూర్చున్నాను. ఎన్నాళ్ళుగానో కోరుకున్న చోటు అది, అట్లా ఏడుస్తూ ఎక్కుతానని ఎన్నడూ అనుకోలేదు. తాత మొద్దు మొన గల ఉక్కు పుల్లను నా గుప్పిట్లో పెట్టి, నా చేయి మీద తన చేయి వేశాడు. రాయిని గూట్లో పెట్టాం. "ముందుగాల ఇటు ఒత్తు. ఇప్పుడు దానికి ఎదురుంగ. ఒక్కదిక్కే ఒత్తుకుంట పోతే రాయి ఒరుగుతది," అన్నాడు. తూర్పు ఒత్తాం, పడమర ఒత్తాం, దక్షిణం, ఉత్తరం. ఆ నాలుగింటి నడుమ మళ్ళీ నాలుగు. మెత్తని బంగారం వంగి రాయి మీదికి వచ్చింది. ఇరిగిన చోటు కళ్ళ ముందే మూసుకుపోయింది. తాత చేయి ఎప్పుడు తీసేశాడో నాకు తెలియలేదు. చివరి నాలుగూ నేనే ఒత్తానని, లోపలి గుమ్మంలోంచి చూసిన నాయనమ్మ తర్వాత చెప్పింది.

ఆపా ముక్కుపుల్ల తీసుకుని, తాతకు సలాం చేసి వెళ్ళిపోయింది. రోజూ పోతూ పోతూ నా బుగ్గ గిల్లేది. ఆ రోజు గిల్లలేదు.

నేను పీట మీదనే కూర్చుని ఉన్నాను. తాత కింద గుడ్డ పరిచి బంగారు పొడి ఏరుతున్నాడు. బయట వెలుగు తగ్గిపోతోంది. ఆయన కళ్ళజోడు ఇంకా పీట మీదనే ఉంది.

"అగో, గా పీట పగులులో ఒక బంగారు రవ్వున్నది చూడు, నీ బొటనవేలు పక్కన," అన్నాడు.

వంగి చూశాను. ఉంది. దుమ్ములో దుమ్ములా ఉంది. నాకే సరిగా కనబడలేదు.

"తాతా, నీకు కండ్లు కనబడ్తలేవు కదా?"

"ఇప్పుడు కనబడ్తున్నయి బిడ్డా," అన్నాడు, నవ్వకుండా. చల్లారిన చాయ్ గ్లాసు తీసుకుని గుక్కలో తాగేశాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన గూడును ఎందుకు అరగదీశాడో అప్పుడు నాకు తెలిసింది. చెప్పకపోతే ఏం చేసేవాడని నేను ఆయనను ఎన్నడూ అడగలేదు. ఆపాకు తనే చెప్పేవాడని నా నమ్మకం. కానీ ఆ అవకాశం ముందు నాకే ఇచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు ఇచ్చాడు. రెండుసార్లూ నేను పారేసుకున్నా, మూడోసారికి ఆపాను ఎదురుగా కూర్చోబెట్టాడు.

నికా రోజు అమ్మ వెంట నేనూ వెళ్ళాను. రానని మొరాయిస్తే అమ్మ లాక్కుపోయింది. ఆడవాళ్ళ గదిలో పూల వాసన, అత్తరు వాసన, లొల్లి. మల్లెపూల తెరల వెనుక ఆపా తల వంచుకుని కూర్చుంది. నేను అమ్మ వెనుక నక్కాను. ఆమె ఎట్లా చూసిందో ఏమో, వేలితో రమ్మని పిలిచింది. పూలను పక్కకు జరిపి, నా చూపుడువేలు పట్టుకుని తన ముక్కుపుల్ల అంచు మీద ఆనించింది.

"ఇక్కడనే కదా?" అంది, గుసగుసగా.

"కాదు. ఇంకొంచెం కిందికి," అన్నాను.

ఆపా పకపకా నవ్వింది. పెళ్ళికూతురు అట్లా నవ్వకూడదని పక్కనున్న పెద్దావిడ కసిరింది. అయినా ఆగలేదు. పోతున్న నన్ను పట్టుకుని బుగ్గ గిల్లింది, బాగా నొప్పి పుట్టేట్టు గిల్లింది. ఆ నొప్పికి నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇప్పుడు మేము సంతోష్‌నగర్‌లో ఉంటున్నాం. తాత పోయి ఎన్నో ఏళ్ళయింది. ముందరి గదిలో నేను ముగ్గురు ఆడపిల్లలకు గూళ్ళు కట్టడం నేర్పుతున్నాను. నాకు ట్యూబ్‌లైట్ ఉంది, గ్యాస్ మంట ఉంది, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పదేళ్ళ పిల్లకు కనబడినట్టు కనబడుతోందని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

మొన్న ఆ ముగ్గురిలో చిన్నది నా ముందుకు వచ్చి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. అంతకు ముందు కత్తెర టిక్కుమనడం నేను విన్నాను, పట్టీ పొట్టిగా తెగిందని చూడకుండానే తెలిసింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నాకు సరిగ్గ ఆనుతలేదమ్మా, నువ్వే కొలిచి చెప్పు," అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆ పిల్ల అంతా బాగానే ఉందని చెప్పి వెళ్ళి కూర్చుంది. చేతిలో పని లేకపోయినా ఒక గూడు తీసుకుని దాని అంచు రుద్దుతూ కూర్చున్నాను. తాత ఆ మధ్యాహ్నం నాకోసం ఎంతసేపు ఆగాడో, అంతసేపు నేనూ ఆగగలను.